పెట్టె గట్టిది, కట్టుబాటు వదులు

1984 జులై 17న ఇంగ్లండ్‌లోని ఓల్డ్ డాల్బీ దగ్గర ఒక రైలు ప్రమాదాన్ని కావాలని జరిపించారు. వాడేసిన అణు ఇంధనాన్ని రియాక్టర్ల నుంచి సెల్లాఫీల్డ్ కర్మాగారానికి మోసే ఉక్కు పెట్టెను పట్టాలకు అడ్డంగా పడేశారు. డ్రైవరు లేని డీజిల్ ఇంజను మూడు బోగీలను లాక్కుంటూ గంటకు నూరు మైళ్ల వేగంతో వచ్చి దాన్ని గుద్దింది. ఇంజను నుజ్జయింది. పెట్టె పక్కకు దొర్లింది, ఒంటినిండా గీరుకుపోయింది, లోపలి పీడనం లవలేశం తగ్గింది. అంతే. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఆ దృశ్యాన్ని దేశమంతా టీవీలో చూసేలా ఏర్పాటు చేసింది.

ఆ ఫిల్ము ఇప్పటికీ ఆడుతూనే ఉంది. వాడేసిన అణు ఇంధనాన్ని దేశాల మధ్య తరలించే పద్ధతికి ఇంకాస్త గట్టి చట్టం కావాలని ఎవరైనా నోరు తెరిచారా, వెంటనే ఆ ఇంజనును మళ్లీ పట్టాలెక్కిస్తారు. ఆ తర్వాత వచ్చే మాటలు మూడు. పెట్టె పగలదు. అరవై ఏళ్లుగా తిప్పుతున్నాం, జనానికి హాని చేసిన ప్రమాదం ఒక్కటీ లేదు. నియమాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి, ఇంకా అడిగేవాళ్లు భయాన్ని అమ్ముకునేవాళ్లు. టోక్యో, పారిస్, లండన్ ప్రభుత్వాల మాట ఇదే. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశాల్లో ఎక్కువగా చెల్లుబాటయ్యే మాటా ఇదే. మన దగ్గర అణు విద్యుత్తును సమర్థించే చదువుకున్నవాళ్లు కూడా దీన్నే వల్లిస్తారు.

మొదటి మాటతో నాకు పేచీ లేదు. మిగతా రెండిటితోనే ఉంది. మొదటిది నిజం కావడాన్ని అడ్డం పెట్టుకుని మిగతా రెండిటినీ నిజమని చెలామణి చేస్తున్న తీరుతో ఇంకా ఎక్కువ పేచీ ఉంది.

ముందు సరుకు సంగతి. హైదరాబాద్ మౌలాలీ దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన కట్ట అర మీటరు పొడవుంటుంది. కార్మికులు దాన్ని చేతులతోనే పట్టుకుని పరీక్షిస్తారు. అదే కట్ట రియాక్టర్‌లోకి వెళ్లి, కొన్నాళ్లు మండి బయటికొస్తే, అడ్డు లేకుండా దాని పక్కన కొద్ది నిమిషాలు నిలబడ్డ మనిషి బతకడు. రూపం చూస్తే దాదాపు అదే, గుణమే మారిపోతుంది. ముందు ఏళ్ల తరబడి నీళ్ల తొట్టిలో చల్లార్చాలి. ఆ తర్వాత కూడా దాన్ని కదిలించాలంటే వంద టన్నుల దాకా తూగే ఉక్కు పెట్టె కావాలి. జపాన్ 1969 నుంచి మూడు దశాబ్దాల పాటు ఇలాంటి ఇంధనాన్ని సుమారు 7,000 టన్నులు ఓడల్లో బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు పంపింది. అక్కడ శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాన్ని గాజులో పోసి గడ్డకట్టించి, మళ్లీ ఓడల్లోనే జపాన్‌కు తిప్పి పంపారు. ఒక్క ఫ్రాన్స్ నుంచే 1995 - 2007 మధ్య అలాంటి ప్రయాణాలు పన్నెండు.

పెట్టెకు పెట్టిన పరీక్షలు కఠినమైనవే. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని నేల మీద పడేస్తారు. మీటరు ఎత్తు నుంచి ఉక్కు కడ్డీ మీదికి జారవిడుస్తారు. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచుతారు. వాడేసిన ఇంధనం లాంటి తీవ్ర రేడియోధార్మిక సరుకైతే 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడిని గంట సేపు తట్టుకోవాలి. ఓడలకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రాసిన ప్రత్యేక కోడ్ ఉంది. 1993లో వచ్చినప్పుడు అది ఇష్టముంటే పాటించే సలహా, 2001 జనవరి 1 నుంచి తప్పనిసరి. సరుకు తీవ్రతను బట్టి ఓడలను మూడు తరగతులు చేశారు. పై తరగతి ఓడలకు జంట గోడలు, జంట ఇంజన్లు ఉంటాయి. కొన్నిటికి తుపాకులు కూడా ఉంటాయి. ఓడ మంటలు అరగంటలో ఆరవని అనేవాళ్లున్నారు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ రోజుల తరబడి తగలబడటం చూశాక అది తీసిపారేసే మాటా కాదు. కానీ అది మామూలు కంటైనర్ ఓడ. ఈ పై తరగతి ఓడలను దానితో పోల్చి జనాన్ని బెదిరించడం నాకిష్టం లేదు. ఇంజనీర్లు తమ పని తాము చేశారు.

ఉక్కు చేయలేని పనులు మిగిలి ఉన్నాయి. ఓడ ఎవరి నీళ్ల పక్కనుంచి పోతోందో వాళ్లకు ముందు చెప్పడం ఉక్కు పని కాదు. ఓడ మొరాయిస్తే ఏ రేవు తలుపు తీస్తుందో తేల్చడం ఉక్కు పని కాదు. నష్టం జరిగితే ఎవరు, ఎవరికి, ఏ కోర్టులో కట్టాలో రాసుకోవడం కూడా కాదు. ఇవన్నీ చట్టం చేయాల్సిన పనులు. అక్కడికొచ్చేసరికి చట్టం ఎక్కడికక్కడ వదులుగా వేలాడుతోంది.

ఇక రెండో మాట. ప్రమాదమే లేదన్న చరిత్రను రాసిందెవరో చూద్దాం. వాడేసిన ఇంధనం పెట్టె బయటి గోడ మీద రేడియోధార్మిక మలినం చదరపు సెంటీమీటరుకు 4 బెకరెల్స్ దాటకూడదని నియమం. 1998 వసంతంలో ఫ్రాన్స్‌లో ఒక సంగతి బయటపడింది. లా హేగ్ కర్మాగారానికి ఇంధనం దించే వలోన్య్ రైల్వే టెర్మినల్‌కు వచ్చే పెట్టెలు, వ్యాగన్లు చాలావాటి మీద మలినం ఆ పరిమితిని ఎన్నో రెట్లు మించిపోతోంది. అది ఒకటి రెండుసార్లు జరిగిన పొరపాటు కాదు, ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం. జర్మనీ నుంచి వచ్చినవాటి కథా అంతే. ఇంధనాన్ని నీళ్ల తొట్టిలోనే పెట్టెకెత్తుతారు. ఆ నీటి మలినం పెట్టె పైపొరలో ఇంకి, దారిలో మెల్లగా బయటికొస్తుంది. సాంకేతికంగా ఇందులో పెద్ద వింత లేదు. ఎవరికీ ప్రాణాపాయం కలిగిన దాఖలా కూడా లేదు. వింతల్లా ఏమిటంటే, కంపెనీలకు ఇదంతా ముందే తెలుసు, ప్రభుత్వాలకు మాత్రం చెప్పలేదు. అప్పటి జర్మనీ పర్యావరణ మంత్రి ఏంగెలా మెర్కెల్ అణుశక్తికి వ్యతిరేకి కాదు, భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. ఆవిడే ఆ మే నెలలో ఈ రవాణాను నిలిపేసింది. మళ్లీ మొదలు కావడానికి 2001 దాకా పట్టింది.

'ఒక్క ఘటనా లేదు' అని ఆ కంపెనీలు చెప్పుకుంటూ తిరిగిన సంవత్సరాల్లోనే ఈ మలినం కథ నడిచింది. లెక్క రాసేవాడే సరుకు మోసేవాడైతే లెక్క శుభ్రంగా ఉండటంలో ఆశ్చర్యమేముంది?

అది చాలదన్నట్టు మరుసటి ఏడాదే సెల్లాఫీల్డ్ బాగోతం బయటపడింది. జపాన్‌లోని తకహామా రియాక్టర్ కోసం ప్లుటోనియం కలిపిన కొత్త ఇంధనాన్ని అక్కడ తయారుచేశారు. బిళ్లల వ్యాసం కొలిచి నమోదు చేయాల్సిన కార్మికులు కొలవకుండానే పాత అంకెలు దించేశారు. ఓడలు నడిసముద్రంలో ఉండగా పత్రికలు ఈ సంగతి బయటపెట్టాయి. కంపెనీ మాత్రం ఓడలో ఉన్న సరుకుకేం కాలేదని జపాన్‌కు భరోసా ఇచ్చింది. ఆ సరుకు పత్రాలూ దొంగవేనని డిసెంబరుకు తేలింది. బ్రిటిష్ న్యూక్లియర్ ఫ్యూయెల్స్ ముఖ్య అధికారి రాజీనామా చేశాడు, జపాన్ ఆ సరుకు వాడనంది. 2002లో రెండు ఓడలు మళ్లీ సగం భూగోళం చుట్టి ఆ ఇంధనాన్నే వెనక్కి తెచ్చాయి. ఇది వాడేసిన ఇంధనం కాదు, నిజమే. అయినా ప్లుటోనియం ఉన్నందున అదే కోడ్ కిందికి, అదే తరహా ఓడల్లోకి, అదే కాగితాల మీదికి వస్తుంది. కొందరు కార్మికుల తప్పుడు లెక్క కోసం ఆ ఓడలు రెండుసార్లు ఎన్ని తీరాల పక్కనుంచి పోయాయో చూడండి. ఆ తీరాల్లో ఒక్కరి అనుమతీ అడగలేదు, అడగాలన్న చట్టమూ లేదు.

ఇక్కడే నియమాలు కావలసినన్ని ఉన్నాయన్న మూడో మాట పునాది కదులుతుంది. సముద్రయాన సంస్థ కోడ్ ప్రకారం, ఈ సరుకు మోసే ఓడకు ఏదైనా జరిగితే, పాడైతే, సరుకు సముద్రం పాలైతే దగ్గర్లోని తీర దేశానికి కబురు చేయాలి. జరిగాక. ముందుగా చెప్పాలని అందులో లేదు. చేతులు కాలాక ఆకుల కోసం ఎవరి తలుపు తట్టాలో మాత్రం చాలా జాగ్రత్తగా రాసిపెట్టారు. 2001లో అమల్లోకి వచ్చిన వాడేసిన ఇంధనం, వ్యర్థాల ఉమ్మడి ఒప్పందం సరుకు చేరే దేశం అంగీకారం ఉండి తీరాలంటుంది. దారిలో ఉన్న దేశం దగ్గరికొచ్చేసరికి ఆయా రవాణా పద్ధతులకున్న ఇతర అంతర్జాతీయ నియమాల వైపు వేలు చూపిస్తుంది. ఆ నియమాలను తిరగేస్తే నౌకాయాన స్వేచ్ఛ కనిపిస్తుంది. ప్రమాదకర వ్యర్థాల మీద 1989లో వచ్చిన బేసెల్ ఒప్పందం చూద్దామా అంటే, వేరే అంతర్జాతీయ నియంత్రణ ఉన్న రేడియోధార్మిక వ్యర్థాలు తన పరిధిలోకి రావని మొదట్లోనే చేతులు కడిగేసుకుంది. ఒకదాని గుమ్మం నుంచి ఇంకోదాని గుమ్మానికి తిరగడమే తీర దేశం పని.

ముందు చెబితే ఉగ్రవాదులకు తెలిసిపోతుందట. ఈ రంగంలో ఇంతకంటే గౌరవంగా వినిపించే అబద్ధం ఇంకోటి లేదు.

అమెరికాలో వాడేసిన ఇంధనం ఒక రాష్ట్రం గుండా పోవాలంటే ఆ రాష్ట్ర గవర్నర్‌కు ముందస్తు నోటీసు ఇచ్చి తీరాలి. అది అక్కడి అణు నియంత్రణ సంస్థ నియమం. పదేళ్ల పైచిలుకు కిందట ఆ నియమాన్ని విస్తరించి, మూలవాసుల రిజర్వేషన్ భూముల మీదుగా పోయేటప్పుడు ఆ తెగల ప్రభుత్వాలకూ చెప్పాలన్నారు. తేదీలు, దారులు బయటికి పొక్కకుండా కాపాడే బాధ్యత నోటీసు అందుకున్నవాళ్లది. దీనివల్ల ఉగ్రవాదులకు దారి తెలిసిపోయిందని అక్కడ ఎవరూ గగ్గోలు పెట్టడం లేదు. ఐరోపా సమాజం 2006లో చేసిన ఆదేశం ఇంకో అడుగు ముందుకేసింది. సభ్యదేశాల మధ్య వాడేసిన ఇంధనాన్ని పంపేటప్పుడు మధ్యలో భూభాగం తగిలే దేశం సమ్మతి కూడా అడగాలి. నోటీసు కాదు, సమ్మతి. బెల్జియంను అడుగుతారు, లక్సెంబర్గ్‌ను అడుగుతారు. అదే ఫ్రాన్స్ సరుకు దక్షిణ పసిఫిక్‌లోకి వచ్చేసరికి అక్కడి ద్వీప దేశాలకు చెప్పడం భద్రతకు ముప్పవుతుంది! సౌత్ కరోలినా గవర్నర్ కడుపులో దాగే రహస్యం ఫిజీ ప్రధాని కడుపులో ఎందుకు దాగదో ఎవరైనా విడమరిచి చెబితే వినాలనుంది.

పైగా రహస్యమన్నది ఎక్కడుంది? షెర్బూర్ రేవులో ఓడకు సరుకెక్కుతుంటే గట్టు మీద టీవీ కెమెరాలు, గ్రీన్‌పీస్ పడవలు. 1992లో సుమారు టన్నున్నర ప్లుటోనియంతో జపాన్ బయల్దేరిన అకత్సుకి మారు వెనకాల ప్రపంచమంతా కళ్లేసుకుని కూర్చుంది. 1998లో పసిఫిక్ స్వాన్ పనామా కాలువ దాటుతుంటే నిరసనకారులు ఏకంగా ఓడ మీదికే ఎక్కేశారు. పత్రికలకు తెలుసు, ఉద్యమకారులకు తెలుసు. అధికారికంగా తెలియనివాళ్లు ఒక్కరే, రేపు ఏదైనా అయితే మందులు, పడవలు, సిబ్బంది సిద్ధం చేసుకోవాల్సిన తీర దేశపు అధికారి.

ముందు చెప్పడం అసాధ్యమేమీ కాదని పంపే దేశాలకే తెలుసు. తీర దేశాలతో దాదాపు పదేళ్లు మాట్లాడాక, స్వచ్ఛందంగా, గోప్యంగా ప్రభుత్వాల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతులను 2014లో అణుశక్తి సంస్థ పత్రంగా వెలువరించారు. మంచిదే. కానీ అందులోని స్వచ్ఛందం అన్న ముక్క దగ్గరే నా అభ్యంతరం. ఇష్టమైతే చెప్తాను, లేకపోతే లేదు అంటే దాన్ని మర్యాద అనవచ్చు, నియంత్రణ అనలేం. ఇష్టపూర్వకంగా చెప్పగలిగినప్పుడు తప్పనిసరిగా చెప్పడానికి అడ్డేమిటి? ఉన్న అడ్డల్లా ఒకటే, ఒకసారి చట్టమయ్యాక మానేయడానికి వీలుండదు.

సముద్రాలు అందరివీ కదా, ప్రతివాడికీ చెప్పుకుంటూ పోతే నౌకాయాన స్వేచ్ఛ ఏం కావాలంటారు ఇంకొందరు. స్వేచ్ఛ మీద ప్రేమ ఉన్నవాళ్లు 1995లో చిలీ దగ్గర జరిగింది గుర్తు చేసుకోవాలి. గాజులో గడ్డకట్టిన వ్యర్థంతో పసిఫిక్ పింటెయిల్ షెర్బూర్ నుంచి బయల్దేరి కేప్ హార్న్ వైపు వచ్చింది. దక్షిణ అమెరికా, పసిఫిక్ దేశాలు అప్పటికే మా నీళ్లలోకి రావద్దని వరుసగా చెబుతున్నాయి. వాతావరణం బాగోలేదు. ఓడ చిలీ ప్రత్యేక ఆర్థిక మండలంలోకి రాగానే ఆ దేశపు నౌకాదళం బయటికి పొమ్మంది. అది జరిగింది ఎలాంటి సమయంలోనో చూడండి. భూమ్మీది అతి చెడ్డ సముద్రాల్లో ఒకటి, గాలివాన, పక్కనే ఉన్న ఒక్క దేశమూ పొమ్మంటోంది. నౌకాయాన స్వేచ్ఛ అన్నది కాగితం మీద చెక్కుచెదరకుండానే ఉంది. ఆ రాత్రి ఓడలో నిప్పు పుట్టి ఉంటే ఆ స్వేచ్ఛతో ఏ రేవుకు చేరేది?

చెడిపోయిన ఓడకు ఆశ్రయమిచ్చే రేవు అన్న ప్రశ్న మామూలు ఓడల విషయంలోనే తెగలేదు. 2002 నవంబరులో 77,000 టన్నుల భారీ ఇంధన నూనెతో పగుళ్లిచ్చిన ప్రెస్టీజ్ ట్యాంకరును స్పెయిన్ రేవుకు రానివ్వలేదు. నడిసముద్రంలోకి లాక్కుపొమ్మంది. అక్కడది రెండు ముక్కలై మునిగింది, గలీషియా తీరమంతా నల్లబడింది. ఆ తర్వాత సముద్రయాన సంస్థ ఆశ్రయ రేవుల మీద మార్గదర్శకాలు రాసింది. అవీ సలహాలే. 2025 జూన్‌లో కేరళ తీరానికి దూరంగా వాన్ హై 503 తగలబడినప్పుడు మనవాళ్లూ దాన్ని ఇంకా దూరంగా, మన ఆర్థిక మండలం దాటేదాకా లాగించారు. తప్పుపట్టను, ఎవరైనా అదే చేస్తారు. అందుకే ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. దారిలో ఏ రేవు, ఏ పరిస్థితిలో, ఎంత పూచీ మీద తీసుకుంటుందో తేలకుండా అణు ఇంధనం ఓడను రేవు దాటనివ్వకూడదన్నది నా వాదన. పింటెయిల్‌ను నడిపిన జంట ఇంజన్ల మీద ఎంత ఖర్చు పెట్టారో, అందులో వందో వంతు శ్రమ ఈ ఒక్క ఒప్పందం మీద పెట్టి ఉంటే ఈపాటికి తేలిపోయేది.

డబ్బు దగ్గరికొస్తే ఈ వ్యవహారంలోని అసలు రంగు తెలుస్తుంది. నూనె ట్యాంకరు యజమానికి నిర్బంధ బీమా ఉంటుంది, దాని పైన అంతర్జాతీయ నిధి ఉంటుంది. అణు సరుకుకు వచ్చేసరికి 1960 పారిస్ ఒప్పందం, 1963 వియన్నా ఒప్పందం, రెండిటినీ కలిపి కుట్టిన 1988 ప్రొటోకాల్, 2015లో అమల్లోకి వచ్చిన అనుబంధ పరిహార ఒప్పందం. ఒకరు ఒకదాంట్లో ఉంటే ఇంకొకరు ఇంకోదాంట్లో ఉంటారు. ఈ ఓడలు దాటే చాలా దేశాలు దేనిలోనూ లేవు. లేనివాడు ఏ కోర్టుకెక్కాలి, ఎంత వస్తుంది అన్నది నష్టం జరిగాక న్యాయవాదులు తేల్చాలి.

దానికంటే పెద్ద రంధ్రం ఇంకోటుంది. ఈ ఒప్పందాలన్నీ అణు నష్టం అంటే రేడియేషన్ వల్ల కలిగిన నష్టమనే అంటాయి. మహా అయితే ముప్పు తీవ్రంగా, ముంచుకొచ్చేలా ఉన్నప్పుడు తీసుకున్న జాగ్రత్తల ఖర్చును కలుపుతాయి. పెట్టె పగలకుండానే నష్టం వస్తే? 2025 మే నెలలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ కొచ్చికి అవతల మునిగింది. ప్లాస్టిక్ గుళికలు తీరానికి కొట్టుకొచ్చాయి. ప్రమాదకరమైన రసాయనాలున్న కంటైనర్లు పదమూడు ఉన్నాయన్న వార్త వచ్చింది. మర్నాటి నుంచే చేపలు కొనేవాళ్లు తగ్గిపోయారు. చేపల్లో విషం లేదని అధికారులు ఎంత చెప్పినా వినేవాళ్లు లేరు. జాలరి కుటుంబాలకు ప్రభుత్వం వెయ్యి రూపాయలు, కాస్త బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఆ కంటైనర్లలో ఒకదాంట్లో అణు ఇంధనం ఉందన్న మాట, మాట చాలు, బయటికొచ్చి ఉంటే? ఒక్క బెకరెల్ నీళ్లలో కలవక్కర్లేదు. నీండకర నుంచి మునంబం దాకా వేలంపాటలు ఆగిపోయేవి. ఆ జాలరికి ఇప్పుడున్న ఏ అణు ఒప్పందం కింద రూపాయి వస్తుంది? ద్వీప దేశాలు పాతికేళ్లుగా అడుగుతున్నది సరిగ్గా ఇదే. లీకు లేకపోయినా మా ట్యూనా అమ్ముడుపోదు, మా ఊళ్లకు పర్యాటకులు రారు, దానికి జవాబేమిటి? పంపే దేశాలు చెప్పే జవాబు మళ్లీ ఆ రైలింజనే. పెట్టె పగలదు కాబట్టి ఆ ప్రశ్నే రాదట. పగలదన్న నమ్మకం అంత ఉంటే ఆ పూచీ మీద సంతకం చేయడానికి ఖర్చేముంది? ఎన్నటికీ చెల్లించక్కర్లేని బీమాకు వెనకాడేవాణ్ని మొదటిసారి చూస్తున్నాం.

ఇన్ని రాశాక, ఈ రవాణానే నిషేధించాలి అనేవాళ్లు నన్ను తమవాణ్ని అనుకునే ప్రమాదముంది. కాను. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ శివార్లలోని వించా పరిశోధన కేంద్రంలో వాడేసిన ఇంధనం దశాబ్దాల పాటు తొట్టిలో మగ్గింది. రియాక్టర్ మూతపడి ఏళ్లు గడిచాయి. తొడుగులు తుప్పుపట్టి సీజియం నీళ్లలోకి కారింది. దేశం ముక్కలవుతోంది, యుద్ధాలు, బాంబులు. రెండున్నర టన్నుల ఆ ఇంధనాన్ని ఎనిమిది వేల పైచిలుకు ముక్కలుగా ఒక్కొక్కటీ తీసి, కొత్త డబ్బాల్లో పేర్చారు. 2010 చివర్లో రైలు మీద స్లొవేనియాలోని కోపర్ రేవుకు, అక్కడి నుంచి ఓడ మీద మూర్మాన్స్క్‌కు, అక్కడి నుంచి రష్యాలోని మయాక్‌కు చేర్చారు. కదపకుండా ఉంచితేనే అది ప్రమాదం. అన్ని ప్రయాణాలూ ఆపేయాలన్నవాళ్లు వించా తొట్టి గట్టున నిలబడి ఆ మాట అనగలరా?

అయితే ఇలాంటి తరలింపుల్లోనే లిబియా కథ కూడా ఉంది. 2009 నవంబరులో ట్రిపోలీ దగ్గరి తజూరా కేంద్రం నుంచి ఐదు కిలోలకు పైగా అతిశుద్ధ యురేనియం ఉన్న వాడేసిన ఇంధనాన్ని రష్యా విమానంలో ఎక్కించాలి. పెట్టెలన్నీ సర్ది సిద్ధంగా ఉన్నాయి. ఆఖరి క్షణంలో గడాఫీ ప్రభుత్వం వద్దంది. ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లో తన గుడారం వేసుకోనివ్వలేదని, అమెరికా తనకివ్వాల్సిన మర్యాద ఇవ్వలేదని అలక. ప్రయాణం కోసం చేసిన పెట్టెలు, నిల్వ కోసం చేసినవి కావు, పల్చటి కాపలాతో దాదాపు నెలరోజులు అక్కడే పడున్నాయి. లోపలి వేడికి పెట్టెలకేమవుతుందోనని నిపుణులు గుండెలు అరచేతిలో పెట్టుకున్నారు. డిసెంబరు 21న ఎట్టకేలకు విమానం లేచింది. ఇదంతా బయటికి తెలిసింది అమెరికా దౌత్య సందేశాలు వికీలీక్స్‌లో పడటం వల్ల. పెట్టె పరీక్షల పట్టికలో తొమ్మిది మీటర్ల పతనం ఉంది, పాలకుడి అలక లేదు. ఇలాంటి సరుకు మధ్యలో ఆగితే ఎవరు, ఎన్నాళ్లలో, ఏ అధికారంతో కదపాలో కూడా నియంత్రణలోకే వస్తుంది.

తీర దేశాలు అడిగితే పనవుతుందనడానికి ఆధారం లేకపోలేదు. రష్యా తేలే అణు విద్యుత్ కేంద్రం అకడమిక్ లొమొనోసొవ్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే ఇంధనం నింపి, బాల్టిక్ మీదుగా, నార్వే తీరం పక్కనుంచి లాక్కుపోవాలనుకున్నారు. నార్వే గట్టిగా అభ్యంతరం చెప్పింది. 2017లో రష్యా ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఖాళీ కడుపుతోనే దాన్ని మూర్మాన్స్క్‌కు లాగి, అక్కడ ఇంధనం వేశారు. ఆకాశమేమీ విరిగిపడలేదు. కాకపోతే నార్వే ధనిక దేశం, దాని మాట వింటారు. మాట వినడం అన్నది అడిగే దేశపు బరువును బట్టి ఉండకూడదనే చట్టం కావాలనడం.

ఇదంతా మనకెందుకు, మనమేం పసిఫిక్ ద్వీపం కాదుగా అనవచ్చు. తారాపూర్‌లో అమెరికా ఇచ్చిన ఇంధనం వాడకమయ్యాక తీసుకుపోరు, శుద్ధి చేసుకోనివ్వరు, దశాబ్దాలుగా అక్కడే మూలుగుతోంది. కూడంకుళానికి 1988లో రాసుకున్న ఒప్పందం ప్రకారం వాడేసిన ఇంధనం సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లాలి. పదేళ్ల తర్వాత దాన్ని మార్చి, మనమే ఉంచుకుంటామన్నాం. అలా మారకపోతే ఈ వ్యాసంలోని ఓడలు తమిళ తీరం నుంచే కదిలేవి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు కడతామంటున్నారు. వాటి ఇంధనాన్ని మనమే శుద్ధి చేసుకోవచ్చని 2010లో అమెరికాతో ఏర్పాటు కుదిరింది, అందుకు ప్రత్యేకంగా కొత్త కర్మాగారం కట్టాలన్న షరతు మీద. అంటే కొవ్వాడ ఇంధనం ఎక్కడికో ప్రయాణం కట్టాలి. అది దేశం లోపలి దారే అయినా దారే.

కానీ అన్నిటికంటే దగ్గర్లో ఉన్నది బంగ్లాదేశ్. పద్మా నది ఒడ్డున రూప్పూర్‌లో రష్యా రెండు పెద్ద రియాక్టర్లు కడుతోంది. వాడేసిన ఇంధనాన్ని వెనక్కి తీసుకుపోతామని 2017లో సంతకం చేసింది. బంగ్లాదేశ్‌కు అది మంచి ఒప్పందమే. కొత్త ఇంధనం తేలిక కాబట్టి 2023లో విమానంలో వచ్చింది. తిరుగు సరుకు వంద టన్నుల పెట్టెల్లో కదలాలి, దానికి ఓడ తప్ప దారి కనిపించదు. తొట్టిలో చల్లారడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. ఆ ఓడ చిట్టగాంగ్ వైపు నుంచి బయల్దేరి పడమటికి తిరిగితే ఒడిశా, ఆంధ్ర, తమిళ తీరాల ముందునుంచి పోవాలి. తూర్పుకు తిరిగితే అండమాన్, నికోబార్‌ల పక్కనుంచి పోవాలి. మన సముద్ర మండలాల చట్టం 1976లోనే విదేశీ యుద్ధనౌక మన ప్రాదేశిక జలాల్లోకి రావాలంటే ముందు నోటీసు ఇవ్వాలంది. 2021లో లక్షద్వీప్ దగ్గర అమెరికా నౌక చెప్పకుండా తిరిగితే ఢిల్లీ నొచ్చుకుంది. అదే మన ఆర్థిక మండలంలోంచి వాడేసిన అణు ఇంధనం పోతే ముందుగా చెప్పి తీరాలని అడగడానికి మన చేతిలో ఏ అంతర్జాతీయ నియమమూ లేదు. వాడేసిన ఇంధనం మీది ఉమ్మడి ఒప్పందంలో మనం చేరనేలేదు. రష్యా మిత్రదేశం కాబట్టి చెబుతుందేమో. 1995లో చిలీకి, ఫ్రాన్స్‌కు మధ్య కూడా శత్రుత్వమేమీ లేదు.

వియన్నాలో ఏటా సెప్టెంబరులో జరిగే సర్వసభ్య సమావేశంలో రవాణా భద్రత తీర్మానం వస్తుంది. ముందస్తు సమాచారం, పరిహారం అన్న రెండు పేరాల దగ్గర పంపే దేశాలు ఒక పక్క, తీర దేశాలు ఒక పక్క మాటమాటకూ బేరమాడుకుంటాయి. రూప్పూర్ ఓడ కదలకముందే విశాఖలోని కోస్ట్‌గార్డ్ కార్యాలయానికి తేదీ, దారి, సరుకు వివరాలతో కాగితం చేరాలంటే, బేరంలో మన ప్రతినిధి ఇప్పటినుంచే చిలీ, ఐర్లాండ్, న్యూజిలాండ్‌ల వైపు కుర్చీ వేసుకోవాలి.